ఆన్ కావడం వేరు, సిద్ధం కావడం వేరు
కొత్తగా అసెంబుల్ చేసిన కంప్యూటర్‌ను రోజువారీ వాడకానికి తయారుచేసుకోవడంపై ఒక సమీక్ష

హైదరాబాద్ దాటి నాగార్జునసాగర్ రోడ్డు పట్టుకుంటే ఇబ్రహీంపట్నం చుట్టుపక్కలంతా చదువుల ఊళ్లే. మంగల్‌పల్లిలో సీవీఆర్, ఖానాపూర్‌లో గురునానక్ వంటి ఇంజినీరింగ్ కళాశాలలున్నాయి. ఆదిబట్లలో టీసీఎస్ క్యాంపస్, కొంగరకలాన్‌లో రంగారెడ్డి జిల్లా కలెక్టరేట్ ఉన్నాయి. ఇక్కడ కంప్యూటర్ అన్నది కోడింగ్ నేర్చుకునే పిల్లలకే పరిమితం కాలేదు. భూభారతి పోర్టల్‌లో తన సర్వే నంబరు చూసుకునే రైతుకూ, పెళ్లి ఆల్బమ్‌లు చేసే ఫొటో స్టూడియోకూ, జీఎస్టీ రిటర్నులు వేసే దుకాణదారుకూ, ఈఏపీసెట్ మాక్ టెస్టులు రాసే ఇంటర్ విద్యార్థికీ అది అవసరమైంది.

అదే డబ్బుకు ఎక్కువ శక్తి, రేపు ఏదైనా పాడైతే ఆ ఒక్క భాగమే మార్చుకునే వీలు కావాలనుకునేవాళ్లు ల్యాప్‌టాప్ మానేసి సికింద్రాబాద్ పార్క్‌లేన్ బాట పడతారు. అక్కడి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అంటే అందరూ సీటీసీ అని పిలిచే చోట, మదర్‌బోర్డు నుంచి క్యాబినెట్ దాకా ఏరుకుని అసెంబుల్ చేయించుకుంటారు. ఏ ప్రాసెసర్ కొనాలి, ఎంత ర్యామ్ వేయించాలి అన్న సలహాలకు కొదవ లేదు. ఆ డబ్బా ఇంటికి చేరాక ఏం చేయాలో చెప్పేవాళ్లే తక్కువ.

ఈ విషయంలో మూడు దారులు కనిపిస్తాయి. షాపువాళ్లే విండోస్ ఎక్కించి, 'అన్నీ వేసేశాం, వాడుకోండి' అని ఇస్తే తీసుకెళ్లడం మొదటిది. ఇదే ఎక్కువ మంది చేసేది. వీడియోలు చూస్తూ సొంతంగా చేసుకోవడం రెండోది. ఇంజినీరింగ్ చదివే బంధువుల అబ్బాయిని పిలిచి అప్పజెప్పడం మూడోది. ఈ మూడింటిలో ఏది మంచిదన్న చర్చ తరచూ ఖర్చు దగ్గరా ఓపిక దగ్గరా ఆగిపోతుంది. అసలు తేల్చాల్సింది వేరే ఉంది: పని పూర్తయ్యాక ఆ యంత్రం తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయి? లైసెన్సు ఎవరిది, పాస్‌వర్డు ఎవరికి తెలుసు, డిస్కు తెరిచే కీ ఎవరి ఖాతాలో ఉంది, ఫైళ్ల రెండో ప్రతి ఎక్కడుంది? పని ఎవరు చేసినా పర్వాలేదు. ఈ నాలుగూ యజమాని చేతికి రాకపోతే మాత్రం ఇల్లు కట్టిన మేస్త్రి తాళాలు తన జేబులోనే వేసుకుని వెళ్లినట్టే. ఈ కొలమానంతోనే ఒక్కో అంశాన్ని చూద్దాం.

ముందు కరెంటు, తర్వాతే కంప్యూటర్

సాఫ్ట్‌వేర్ కంటే ముందు చూడాల్సింది గోడకున్న ప్లగ్గును. కొత్త సీపీయూ క్యాబినెట్‌ను వేలితో తాకితే సన్నగా జిల్లుమనడం మన ఇళ్లలో చాలామందికి అనుభవమే. 'చిన్న షాకే, ఏం కాదు' అని సర్దుకుపోతారు. దాని వెనక సంగతి ఇది. కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ లోపలికి సరఫరా వచ్చేచోట విద్యుత్ శబ్దాన్ని వడగట్టే కెపాసిటర్లుంటాయి. అవి క్యాబినెట్ లోహానికి కలిపి ఉంటాయి. ఎర్తింగ్ సరిగ్గా ఉంటే వాటి నుంచి కారే కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్తింగ్ లేకపోతే 230 వోల్టుల సరఫరాలో దాదాపు సగం ఆ లోహపు డబ్బా మీద నిలబడుతుంది. పారే కరెంటు చాలా తక్కువ కాబట్టి మామూలుగా మనిషికి ప్రమాదం ఉండదు. కానీ మానిటర్ కేబులో పెన్‌డ్రైవో గుచ్చేటప్పుడు పోర్టులు దెబ్బతినే అవకాశం ఉంటుంది. పైగా ఎస్‌ఎంపీఎస్‌లో నిజమైన లోపం వచ్చిన రోజున కాపాడే దారే ఉండదు.

గోడకు మూడు రంధ్రాల సాకెట్ ఉన్నంత మాత్రాన ఎర్తింగ్ ఉన్నట్టు కాదు. పాత ఇళ్లలో, హడావుడిగా కట్టిన అద్దె గదుల్లో ఆ పై రంధ్రం వెనక వైరే ఉండకపోవచ్చు. ఎలక్ట్రీషియన్ టెస్ట్ ల్యాంపును ఫేజుకూ ఎర్తుకూ మధ్య పెట్టి చూస్తే నిమిషంలో తేలిపోతుంది. వేలకు వేలు పోసి కొన్న యంత్రానికి ఇది మొదటి ఖర్చు కావాలి.

రెండోది యూపీఎస్. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా, యూపీఎస్ ఎందుకన్నది తరచూ వినిపించే వాదన. ఇన్వర్టర్‌లో యూపీఎస్ మోడ్ ఉండి, అది ప్యూర్ సైన్‌వేవ్ అయితే ఆ మాటలో బలముంది. సాధారణ మోడ్‌లో మాత్రం కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేలోపే కంప్యూటర్ ఆగిపోతుంది. ఎస్‌ఎంపీఎస్ తనలో నిల్వ ఉన్న శక్తితో నిలబడేది సెకనులో అరవయ్యో వంతు సేపే. గ్రాఫిక్స్ కార్డు లేని మామూలు కంప్యూటర్‌కు 600 వీఏ యూపీఎస్ సరిపోతుంది. అది ఇవ్వగలిగేది సుమారు 360 వాట్లే కాబట్టి, పెద్ద గ్రాఫిక్స్ కార్డుంటే 1000 వీఏకు తగ్గకుండా చూసుకోవాలి. లేజర్ ప్రింటర్‌ను యూపీఎస్‌కు కలపకూడదు. అది వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా లాగే కరెంటును చిన్న యూపీఎస్ తట్టుకోలేదు. వేసవి చివర ఉరుముల గాలివానలప్పుడు ప్లగ్గుతో పాటు ఇంటర్‌నెట్ కేబులూ తీసేయడం మంచిది. పిడుగు తాకిడి ఆ తీగ వెంటా వస్తుంది.

బయోస్‌లో మూడు చూపులు

కరెంటు కుదిరాక మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర కొన్ని నిమిషాలు నల్లగానే ఉండిపోతే కంగారుపడి స్విచ్ తీసేయకండి. డీడీఆర్5 ర్యామ్ ఉన్న బోర్డులు మొదటి బూట్‌లో ర్యామ్‌ను పరీక్షించి సర్దుకుంటాయి. దానికి సమయం పడుతుంది. మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డుకు కాక గ్రాఫిక్స్ కార్డుకే పెట్టారా అన్నది కూడా చూసుకోవాలి. పేరు చివర 'ఎఫ్' ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో సొంత గ్రాఫిక్స్ ఉండవు. బోర్డు పోర్టులో కేబుల్ పెడితే వాటిలో బొమ్మే రాదు.

విండోస్ కంటే ముందే నడిచే బోర్డు సెటప్ అయిన బయోస్‌లోకి వెళ్లాక మూడు చూడాలి. మొదటిది ర్యామ్ వేగం. డబ్బా మీద 3200 అని రాసి ఉన్న డీడీఆర్4 ర్యామ్ చాలా బోర్డుల్లో 2133 లేదా 2400 దగ్గరే నడుస్తుంటుంది. ఎక్స్‌ఎంపీ అనే సెట్టింగ్ ఆన్ చేస్తేనే అసలు వేగం వస్తుంది. ఏఎండీ డీడీఆర్5 బోర్డుల్లో దాని పేరు ఎక్స్‌పో. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. అంత పోసి కొన్న వేగాన్ని వాడకుండా వదిలేయడం అన్యాయం. రెండోది టీపీఎం 2.0 అనే భద్రతా భాగం, సెక్యూర్ బూట్. విండోస్ 11కు ఈ రెండూ కావాలి. కొత్త ప్రాసెసర్లలో టీపీఎం లోపలే ఉంటుంది. ఇంటెల్‌లో పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అన్న పేర్లతో కనిపిస్తుంది.

మూడోది బయోస్ వెర్షన్. 'పనిచేస్తున్నదాన్ని ఎందుకు కెలకాలి' అన్న పాత మాట ఇప్పుడు అన్నివేళలా చెల్లదు. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని అవసరానికి మించిన వోల్టేజీ వల్ల క్రమంగా దెబ్బతింటున్నాయని బయటపడింది. దాన్ని ఆపే సవరణలు 2024లో బయోస్ అప్‌డేట్ల ద్వారానే వచ్చాయి. షాపులో నెలల తరబడి పడి ఉన్న బోర్డుకు ఆ సవరణ చేరి ఉండకపోవచ్చు. అయితే అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డే పనికిరాకుండా పోయే ప్రమాదముంది. ముందు యూపీఎస్ అన్నది అందుకే.

విండోసా, లినక్సా?

అభిప్రాయాలు గట్టిగా తలపడేది ఇక్కడే. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. అదనపు భద్రతా సవరణల గడువు ఇళ్లలో వాడేవాళ్లకు 2026 అక్టోబరు వరకే. కాబట్టి కొత్త కంప్యూటర్‌లో విండోస్ 10 వేయించుకోవడంలో అర్థం లేదు. 'అదైతే తేలిగ్గా నడుస్తుంది' అని ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు.

విండోస్ 11 హోమ్ అసలు లైసెన్సుకు పది వేల రూపాయల పైనే అవుతుంది. విడిభాగాల బిల్లులో ఆ వరుస చాలాసార్లు కనిపించదు. దాని బదులు 'యాక్టివేట్ చేసి ఇచ్చాం' అన్న మాట వస్తుంది. ఆ మాట వెనక సాధారణంగా ఉండేది ఒక యాక్టివేటర్ ప్రోగ్రాం. అది నడవాలంటే ముందు యాంటీవైరస్‌ను ఆపాలి. పని అయ్యాక తనను మళ్లీ పట్టుకోకుండా మినహాయింపుల జాబితాలో పేరు రాసుకుంటుంది. ఇప్పటికే షాపులో వేయించుకున్నవాళ్లు ఒక్కసారి విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ రక్షణ సెట్టింగుల్లో చివరనున్న మినహాయింపుల జాబితా చూడండి. అక్కడ సీ డ్రైవ్ మొత్తమో, తెలియని ఫోల్డరో కనిపిస్తే మీ ఇంటి కాపలా పక్కకు తప్పుకున్నట్టే. ఫైళ్లన్నిటినీ తాళం వేసి డబ్బు అడిగే స్టాప్ అనే రాన్సమ్‌వేర్ కుటుంబం ఎక్కువగా వ్యాపించింది ఇలాంటి క్రాక్‌ల ద్వారానే. పది వేలు మిగిల్చామనుకున్నచోట పెళ్లి ఆల్బమ్‌లూ ప్రాజెక్టు రిపోర్టులూ పోతాయి.

అంత ఖర్చు పెట్టలేనివాళ్లకు దారి లేదా అంటే, ఉంది. లినక్స్ మింట్, ఉబుంటు ఉచితం, చట్టబద్ధం. ఉబుంటు 24.04కు ఐదేళ్ల మద్దతు ఉంది. మన దగ్గర స్వేచ్ఛ సంస్థ లినక్స్‌ను తెలుగులోకి తెచ్చేందుకు ఏళ్లుగా పనిచేస్తోంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ బాస్ లినక్స్‌ను అందిస్తోంది. లినక్స్ మీద ఉన్న అభ్యంతరాల్లో నిజమైనవీ ఉన్నాయి: ట్యాలీ, ఫోటోషాప్, అను స్క్రిప్ట్ దాని మీద నేరుగా నడవవు, కొన్ని ఆన్‌లైన్ గేములు అసలు ఆడవు, డిజిటల్ సంతకం టోకెన్లు సతాయిస్తాయి. కోడింగ్, బ్రౌజింగ్, లిబ్రేఆఫీస్‌లో రాతపని, సినిమాలు, ఆన్‌లైన్ క్లాసులు అయితే ఏ లోటూ ఉండదు. కాబట్టి తీర్పు మనిషిని బట్టి కాదు, పనిని బట్టి ఇవ్వాలి. స్టూడియోకూ అకౌంట్లకూ లైసెన్సుతో విండోస్. బీటెక్ విద్యార్థికీ ఇంటి వాడకానికీ లినక్స్ నిశ్చింతగా సరిపోతుంది. దొంగ విండోస్ మాత్రం ఏ పనికీ సరైన జవాబు కాదు.

ఎక్కించేటప్పుడు, ఎక్కించాక

విండోస్‌ను మైక్రోసాఫ్ట్ సైటు నుంచే 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి దించుకోవాలి. ఇక్కడ కొత్తవాళ్లు ఆగిపోయే చోటు ఒకటుంది. విండోస్ 11 హోమ్ సెటప్ ఇంటర్‌నెట్ అడుగుతుంది. కొత్త బోర్డు వైఫై, ల్యాన్ డ్రైవర్లు అప్పటికి అందులో చాలాసార్లు ఉండవు. నెట్ లేక డ్రైవర్ రాదు, డ్రైవర్ లేక నెట్ రాదు. ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే సాధారణంగా ఆ ముడి విడిపోతుంది. లేదా బోర్డు కంపెనీ సైటు నుంచి ల్యాన్ డ్రైవర్‌ను ముందే పెన్‌డ్రైవ్‌లో వేసుకోవాలి.

సెటప్‌లో మైక్రోసాఫ్ట్ ఖాతా అడిగినప్పుడు తప్పకుండా మీదే ఇవ్వండి, షాపువాళ్లది కాదు. 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచి కొత్తగా ఎక్కించిన విండోస్ 11, ఖాతాతో లాగిన్ కాగానే డిస్కును తనంతట తాను ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. దాన్ని తెరిచే 48 అంకెల రికవరీ కీ ఆ ఖాతాలో చేరుతుంది. రేపు బయోస్ అప్‌డేట్ చేసినా, బోర్డు మార్చినా నీలం తెర మీద ఆ కీ అడగవచ్చు. ఖాతా వేరేవాళ్లదైతే మీ ఫైళ్లు మీ డిస్కులోనే ఉండి మీకు అందవు. కీని కాగితం మీద రాసి బిల్లుతో పాటు భద్రపరచడం ఐదు నిమిషాల పని.

డ్రైవర్లలో చాలావాటిని విండోస్ అప్‌డేటే తెస్తుంది. చిప్‌సెట్, గ్రాఫిక్స్ డ్రైవర్లను మాత్రం వాటి కంపెనీల నుంచే తీసుకోవాలి. ఉచితంగా డ్రైవర్లు వెతికిపెడతామనే ప్రోగ్రాంల జోలికి పోవద్దు. తర్వాత టాస్క్ మేనేజర్‌లో ర్యామ్ వేగం సరిగా చూపుతోందా, డిస్‌ప్లే సెట్టింగుల్లో 144 హెర్ట్‌జ్ మానిటర్ 60 దగ్గరే ఆగిపోలేదు కదా అన్నవి సరిచూసుకోవాలి.

తెలుగు లేని కంప్యూటర్ సగమే సిద్ధం

షాపులో సెటప్ చేసి ఇచ్చే కంప్యూటర్‌లో సర్వసాధారణంగా వదిలేసేది తెలుగును. డీటీపీ సెంటర్ల అలవాటు ప్రకారం తెలుగు అంటే అను ఫాంట్లే అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. పత్రికలకూ పెళ్లికార్డులకూ ఆ ఫాంట్లు చేసిన సేవ పెద్దది. వాటిలో అందమూ ఉంది. కానీ అను పాత పద్ధతిలో టైపు చేసిన అర్జీని ఏ ప్రభుత్వ పోర్టల్ పెట్టెలోనైనా అతికించి చూడండి, అర్థం లేని ఇంగ్లిషు గుర్తులు వరుసకడతాయి. లోపల ఉన్నవి నిజంగా ఇంగ్లిషు అక్షరాల సంకేతాలే. ఫాంటు వాటికి తెలుగు ముఖం తొడిగింది, అంతే. వాటిలో వెతకలేం, వాటిని ఫోన్‌లో చదవలేం. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే సొంత స్థానం ఉంది. యూనికోడ్‌లో రాసింది ఎక్కడికి పంపినా తెలుగుగానే ఉంటుంది. కార్డులు అచ్చువేసేవాళ్లు తప్ప మిగతా అందరూ మొదటి రోజు నుంచే యూనికోడ్‌తో మొదలుపెట్టాలి.

విండోస్ భాషల సెట్టింగుల్లో తెలుగు చేర్చుకుంటే రెండు కీబోర్డులు దొరుకుతాయి. 2019లో వచ్చిన ఫొనెటిక్ కీబోర్డులో ఇంగ్లిషు అక్షరాలతో పలుకును బట్టి కొట్టవచ్చు. వాట్సప్ అలవాటున్నవాళ్లకు అదే రోజు చేయి తిరుగుతుంది. ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోవడానికి కొంత సాధన కావాలి. అచ్చులు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి వచ్చేలా పేర్చిన ఆ పద్ధతి భారతీయ భాషల్లో చాలావాటికి ఒకటే. తెలుగులో నేర్చుకుంటే హిందీ కూడా కొట్టగలరు. రోజూ పేజీలకు పేజీలు రాసేవాళ్లకు ఇన్‌స్క్రిప్ట్, అప్పుడప్పుడు రాసేవాళ్లకు ఫొనెటిక్ తగినవి. రెండూ పెట్టుకుని విండోస్ కీ, స్పేస్‌బార్ కలిపి నొక్కితే మారుతుంటాయి. లినక్స్‌లోనూ ఇన్‌స్క్రిప్ట్ ఉంటుంది. ఏమీ వేసుకోకుండా రాయాలంటే బ్రౌజర్‌లో తెరుచుకునే లేఖిని సైటు ఉంది. విండోస్‌తో వచ్చే నిర్మలా యూఐ చదవడానికి బాగానే ఉంటుంది. మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు వంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి.

కాపలా ఎంత ఉండాలి?

వేరే యాంటీవైరస్ కొనాలా అన్న ప్రశ్నకు నా సమాధానం: ఇంటి వాడకానికి అక్కర్లేదు. విండోస్‌తో వచ్చే డిఫెండర్‌ను ఎవరూ ఆపకుండా ఉంటే, అప్‌డేట్లు ఆగకుండా ఉంటే చాలు. అప్‌డేట్లు విసిగిస్తాయని ఆపేసేవాళ్లు 2017 మే నెలను గుర్తుచేసుకోవాలి. వన్నాక్రై రాన్సమ్‌వేర్ అప్పుడు ప్రపంచాన్ని చుట్టబెట్టింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా దానికి చిక్కాయి. అది దూరిన రంధ్రాన్ని మూసే అప్‌డేట్ అదే ఏడాది మార్చిలోనే వచ్చి ఉంది.

ఖాతాలు రెండు పెట్టుకోవడం మరో మంచి పద్ధతి. ప్రోగ్రాంలు వేయడానికి పాస్‌వర్డుతో అడ్మిన్ ఖాతా, రోజూ వాడుకోవడానికి మామూలు ఖాతా. పిల్లలు ఏ గేమ్ పేరుతోనో ఏదో నొక్కినా యంత్రం మొత్తం చేజారకుండా ఉంటుంది. 'మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నాం, మీ సిస్టంలో వైరస్ ఉంది' అని ఫోన్ వస్తే పెట్టేయాలి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. ఈ రెండు మాటలూ ఇంట్లో పెద్దవాళ్లకూ చెప్పి ఉంచాలి.

డీ డ్రైవ్ బ్యాకప్ కాదు

'ఫార్మాట్ కొట్టినా డీ డ్రైవ్‌లోవి పోవు' అన్న నమ్మకం మన దగ్గర చాలా గట్టిది. విండోస్ మళ్లీ ఎక్కించేటప్పుడు అది నిజమే. కానీ సీ, డీ రెండూ ఒకే డిస్కులో గీసిన గీతలు. డిస్కు చచ్చిపోతే రెండూ పోతాయి. పాత హార్డ్‌డిస్కు పోయే ముందు టకటకమని చప్పుడు చేసేది. ఎస్‌ఎస్‌డీ చాలాసార్లు ఏ సూచనా లేకుండానే ఒక ఉదయం కనిపించడం మానేస్తుంది. ఇక రాన్సమ్‌వేర్ వస్తే డ్రైవ్‌ల తేడా చూడదు.

ప్రపంచమంతా ఒప్పుకున్న సూత్రం 3-2-1: ఫైళ్లకు మూడు ప్రతులు, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి ఇంటి బయట. మన ఇంటికి దాన్ని ఇలా మలచుకోవచ్చు. కంప్యూటర్‌లో ఒకటి, వారానికోసారి కలిపి పని కాగానే తీసేసే బయటి హార్డ్‌డిస్కులో ఒకటి, సర్టిఫికెట్లు, పట్టాదారు పాస్‌పుస్తకం స్కాన్, ప్రాజెక్టు ఫైళ్ల వంటి ముఖ్యమైనవి మాత్రం ఏదో ఒక ఆన్‌లైన్ ఖాతాలో. బయటి డిస్కును ఎప్పుడూ తగిలించే ఉంచితే అది బ్యాకప్ కాదు, ఇంకో డీ డ్రైవే. నెలకోసారి అందులోంచి ఒక ఫైలు తెరిచి చూడడం కూడా అలవాటు కావాలి.

ఎవరు చేయాలి?

షాపువాళ్లను తప్పుపట్టడం ఈ సమీక్ష ఉద్దేశం కాదు. రోజుకు ఎన్నో సిస్టంలు బిగించే మనిషికి ఒక్కో ఇంటి అవసరం తెలియదు. లైసెన్సుకు డబ్బు పెట్టబోమని కొనేవాళ్లే అంటుంటే వారొక్కరే ఏం చేస్తారు? బిగించడం, కేబుళ్లు సర్దడం, బయోస్ సరిచూడడం వాళ్ల నైపుణ్యం. అంతవరకు వాళ్లకే వదలాలి. ప్రతి భాగానికీ సీరియల్ నంబరుతో జీఎస్టీ బిల్లు అడిగి తీసుకోవాలి, వారంటీకి అదే ఆధారం. ఓఎస్, ఖాతా, పాస్‌వర్డు, బ్యాకప్ మాత్రం ఇంటికి వచ్చాక, యజమాని పక్కన కూర్చుని ఉండగా జరగాలి. చేసేది బంధువుల అబ్బాయే అయినా, ఖాతా వివరాలు కొట్టే వేళ్లు యజమానివి కావాలి.

ఇబ్రహీంపట్నానికి ఇందులో ఒక ప్రత్యేక అవకాశం ఉంది. ఇన్ని ఇంజినీరింగ్ కళాశాలలు ఒకే చోట ఉన్న మండలాలు ఎన్నో లేవు. కంప్యూటర్ సైన్స్ విద్యార్థులు ఏడాదికి రెండుసార్లు ఒక శనివారం హాలు తెరిచి, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తమ సీపీయూలు తెచ్చుకుంటే దగ్గరుండి అసలు విండోస్‌నో లినక్స్‌నో ఎక్కించి, తెలుగు కీబోర్డు పెట్టి, రికవరీ కీ కాగితం చేతిలో పెట్టి పంపవచ్చు. లినక్స్ సంఘాలు ఇలాంటి ఇన్‌స్టాల్ ఫెస్టులను చాలాచోట్ల నడిపాయి. ఇది విద్యార్థులకు ఏ ల్యాబూ నేర్పని పాఠం. ఊరివాళ్లకైతే తమ యంత్రాన్ని తమ అధీనంలోకి తెచ్చుకునే రోజు. కళాశాలల యాజమాన్యాలు దీన్ని సేవా కార్యక్రమాల కింద చేపట్టాలని గట్టిగా కోరుతున్నాను. దానికి కావాల్సిన హాళ్లు, నెట్, చదువుకున్న చేతులు అన్నీ సాగర్ రోడ్డు పొడవునా ఇప్పటికే ఉన్నాయి.